ఉప్పు వేసే చెయ్యి

నా ఎదురుగా కూర్చుని నా స్కానులు, నా రక్తపరీక్షలు అన్నీ తిరగేసి, నన్ను మాత్రం చూడని డాక్టరు ఒకాయన ఉన్నాడు. గుంటూరులో పేరున్నాయనే. మా ఆయన వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో చెప్పి, మా ఆయన మొహం చూశాక తెలుగులోకి దిగాడు.

"కిడ్నీ క్యాన్సర్ వెన్నెముకకి పాకింది. ఊపిరితిత్తుల్లో కూడా చుక్కలున్నాయి. ఈ రకం రేడియేషన్‌కి వినదు. మాత్రలు రాస్తాను, వాడండి. ఆమెకి మరీ ఎక్కువ చెప్పకండి."

ఆమె అంటే నేను. మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాను. నాకు చెవుడు లేదు. అంతకు మూడేళ్ళ ముందు నా ఎడమ కిడ్నీ తీసేసినప్పుడు కూడా చెవులు తీయలేదు.

ఆయన మీద నాకున్న కోపం ఈనాటికీ పోలేదు. పోగొట్టుకోవాలన్న కోరికా లేదు. మా ఇంట్లో అందరూ నన్ను ఈ విషయంలో ఎగతాళి చేస్తారు. మా ఆడపడుచు పెళ్ళిలో పూర్ణం బూరెలు నా దాకా వచ్చేసరికి అయిపోయాయన్న సంగతి నేను నలభై ఏళ్ళుగా మోస్తున్నానట. మోస్తున్నాను. బరువేం లేదు. బరువల్లా మరిచిపోయినవాళ్ళు మళ్ళీ అదే పని చేసినప్పుడు ఉంటుంది.

మాత్రలు మొదలుపెట్టాను. మామూలు క్యాన్సర్ మందుల్లాగా జుట్టు ఊడలేదు. ఊడకుండా తెల్లబడింది. ఏడాది తిరక్కుండా నా తల పత్తి చేనైంది. అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి, పొక్కి, పొరలు పొరలుగా లేచాయి. నోటికి రుచి పోయింది. ఉప్పుకీ చక్కెరకీ తేడా తెలిసేది కాదు. కారం మాత్రం రుచిగా కాదు, నిప్పుగా తెలిసేది. సత్తెనపల్లి దగ్గర మిరప పండించే ఇంట్లో, ఇల్లంతా కాయల ఘాటు నిండి ఉండే ఇంట్లో, నేను పెరుగన్నం తింటూ బతికాను.

అయినా మాత్ర మానలేదు. ఊపిరితిత్తుల్లో చుక్కలు ఆగిపోయాయి. వెన్నులోది ఒక్కటి ఆగలేదు. నడుం దగ్గర మొదట సూదిపోటు, తర్వాత మేకు దిగినట్టు. వంగలేను. ఆ చూడని డాక్టరు దగ్గరికే మళ్ళీ వెళితే నొప్పిమాత్ర పెంచాడు. "ఇంతేనమ్మా" అన్నాడు, ఈసారి నా భుజం మీదుగా గోడ గడియారాన్ని చూస్తూ.

బయటికొచ్చి మా ఆయనతో అన్నాను. "ఇంకో డాక్టరు దగ్గరికి పోదాం."

"ఇంతేనన్నాడు గదే."

"ఆయనకి ఇంతే. నాకు కాదు."

రెండో డాక్టరు ఆడమనిషి. గది తలుపు తీయగానే నేను నడిచే తీరు చూసింది. కుర్చీలో కూర్చునేటప్పుడు నా చెయ్యి నడుం మీదికి పోవడం చూసింది. ఆ తర్వాతే స్కాను అడిగింది. ఆ ఒక్కదానికే ఆమెని నేను నమ్మాను.

"ఈ రకం కరెంటుకి వినదన్నారమ్మా ఆయన" అన్నాను. మా వైపు రేడియేషన్‌ని ఎవరూ రేడియేషన్ అనరు. కరెంటు పెట్టించుకోవడం అంటారు.

"పాత పద్ధతిలో రోజూ కొంచెం కొంచెం ఇచ్చేవాళ్ళం. దానికి ఇది సరిగా వినేది కాదు, ఆ మాట నిజమే. ఇప్పుడు కొద్ది సార్లలోనే పెద్ద మోతాదు, ఆ ఒక్కచోటికే గురిపెట్టి ఇస్తున్నాం. దానికి చాలావరకు వింటోంది."

"మరి మాత్ర?"

"మాత్ర ఉంటుంది. గడ్డ పెరగాలంటే కొత్త రక్తనాళాలు కావాలి. మాత్ర వాటిని రానివ్వదు."

"చేలోకి నీళ్ళు పోకుండా బోదె కట్టేసినట్టు."

ఆమె నవ్వింది. "అట్లాగే అనుకోండి. ఊపిరితిత్తుల్లోవి నీళ్ళు లేక ఆగినయ్. వెన్నులోది మొండిది. దాన్ని ఒక్కదాన్నీ కాలుద్దాం. మిగతావాటిని మాత్ర చూసుకుంటుంది."

"నయమైపోతుందా?"

"నయమని చెప్పను. ఆపుదామని చెప్తాను. అది ఇంకొంచెం పెరిగితే వెన్నుపాముని నొక్కుతుంది. అప్పుడు కాళ్ళు పోతాయి. ఇప్పుడు మనం కాపాడేది మీ కాళ్ళని."

నాకు అబద్ధం చెప్పకుండా, నాకే చెప్పింది. మా ఆయనకి కాదు.

ఒక షరతు పెట్టింది. కరెంటు పెట్టడానికి కొన్నాళ్ళ ముందూ, తర్వాత కొన్నాళ్ళూ మాత్ర ఆపాలి. ఇది మా ఆయనకి నచ్చలేదు. నల్ల తామర పురుగు వచ్చిన ఏడు మూడు మందులు ఒకే డ్రమ్ములో కలిపి కొట్టిన మనిషి.

"రెండూ కలిపి ఒకేసారి కొడితేనే గదండీ గట్టిగా పనిచేసేది?"

"మిరప చెట్టుకి పేగులుండవు గదండీ" అంది డాక్టరమ్మ. "ఈమెకి వెన్ను పక్కనే పేగులున్నయ్. రెండు దెబ్బలూ ఒకేసారి తగిలితే పుండు పడొచ్చు."

 తిరుగుదారిలో ఊరు దగ్గర పడ్డాక మా ఆయన, "పేగులుండవా చెట్టుకి" అన్నాడు తనలో తాను.

ఇక్కడ నా తోడికోడలి గురించి చెప్పాలి. మా మరిది భార్య. ఒకే వాకిలి, రెండు పొయ్యిలు, ఒకే పచ్చడి జాడీ. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. నడుం పట్టేశాక నాకు తలంటేదీ, చీర కుచ్చిళ్ళు సర్దేదీ ఆమే. ఆమె చేసినవన్నీ నాకు గుర్తున్నాయి. మంచివి కూడా.

మాత్ర ఆపేశాక ఆస్పత్రిలో నన్ను బల్లమీద పడుకోబెట్టారు. ఒంటి కింద ఒక సంచి పరిచి అందులో గాలి లాగేస్తే అది నా ఒంటి అచ్చులాగా గట్టిపడింది. దాని మీద కదలకుండా ఉంచి స్కాను తీశారు. పొట్ట మీదా, రెండు పక్కలా పెన్నుతో అడ్డగీతలూ నిలువుగీతలూ గీశారు. ఆ గీతలు చూసుకునే మిషన్ కింద నన్ను అమరుస్తారట. "చెరిగిపోకుండా చూసుకోండమ్మా. సబ్బు పెట్టొద్దు, రుద్దొద్దు" అన్నాడు గీసినతను.

నేను ఇంటికొచ్చి ఈ సంగతి అందరికీ చెప్పాను. చెప్పలేదని నా తోడికోడలు ఇవాళ్టికీ అంటుంది. చెప్పాను.

మూడోనాడు కరెంటు మొదలు. ఆ రోజు కార్తీక సోమవారం. మంచి పని మొదలుపెట్టేముందు తలంటు పోసుకోకపోతే మా ఇంట్లో అది పనే కాదు. తెల్లవారకముందే నా తోడికోడలు నీళ్ళు కాచి, కుంకుడుకాయలు చితక్కొట్టి, నన్ను పీట మీద కూర్చోబెట్టింది. నెత్తిమీద కుంకుడు రసం పోయగానే నేను కళ్ళు మూసుకున్నాను. కుంకుడు రసం కంట్లో పడితే మిరపకాయ నయం. నేను కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంటే, ఆమె సున్నిపిండి తెచ్చి ఒళ్ళంతా నలుగు పెట్టింది.

"ఏందక్కా ఈ సిరా మరకలు, ఆస్పత్రోళ్ళు ఇంత మురికిగా చేస్తారా మనిషిని" అంటూనే ఉందట. కుంకుడు నురగ చెవుల్లో ఉంది. నాకు వినపడలేదు. కళ్ళు మండుతాయన్న భయంలో గీతల సంగతి నాకూ తట్టలేదు. నేను కళ్ళు తెరిచేసరికి నా పొట్ట పసిపిల్ల పొట్టలాగా శుభ్రంగా ఉంది.

గుంటూరులో మిషన్ దగ్గర కుర్రాడు దుప్పటి తీసి చూసి, మళ్ళీ కప్పి, మళ్ళీ తీశాడు.

"గీతలేవమ్మా?"

"రుద్దేశారు."

"ఎవరు?"

తలుపు దగ్గర నా తోడికోడలు చేతిసంచి పట్టుకుని నిలబడి ఉంది. చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

మళ్ళీ స్కాను తీయాలి, మళ్ళీ కొలతలు కట్టాలి. ఆ పైన మిషన్ ఖాళీ దొరికేది వచ్చేవారమే. ఇదంతా నాకు పెద్ద మాట కాదు. కాని మాత్ర ఆపి ఉన్నాను. అటు మాత్రా లేదు, ఇటు కరెంటూ లేదు. బోదె తెరిచేసి, కొడవలి ఇంట్లో పెట్టి, కలుపుని పెరగమన్నట్టుంది.

డాక్టరమ్మని అడిగాను. "ఈ లోపు మాత్ర వేసుకోనా?"

"వద్దు. కొన్నాళ్ళు ఆపితే కొంప మునగదు. కాళ్ళు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, ఒంటేలు ఆగినా వెంటనే రండి. వారం దాకా ఆగొద్దు."

ఆ వారం నేను బతికిన బతుకు నాకే తెలుసు. పొద్దున కళ్ళు తెరవగానే దుప్పటి కింద బొటనవేళ్ళు కదిపి చూసుకునేదాన్ని. కుడిది. ఎడమది. కదిలితే లేచేదాన్ని. రోజులో గుర్తొచ్చినప్పుడల్లా గోడ పట్టుకుని మడమలెత్తి మునివేళ్ళ మీద నిలబడి చూసుకునేదాన్ని. మాత్రల అట్ట బీరువాలో పెట్టి తాళం మా ఆయనకిచ్చాను. నామీద నాకు నమ్మకం లేక ఇచ్చాను. ఆయన్ని నమ్మడమే పొరపాటైంది. ఒకరోజు నీళ్ళ గ్లాసూ మాత్రా పట్టుకుని వచ్చాడు.

"ఒక్కటి వేసుకోవే. ఎవరు చూడొచ్చారు?"

"నా పేగులు చూస్తయ్. లోపల పెట్టండి."

నా తోడికోడలు ఆ వారం నా గడప దిగలేదు. కొత్తగా గీసిన గీతలకి ఆమె కాపలా. నన్ను నీళ్ళ దరిదాపుల్లోకి పోనివ్వలేదు.

"కంపు కొడుతున్నావక్కా" అంది నాలుగోనాడు.

"అయితే స్నానం చేయించు."

"చస్తే చేయించను. కొట్టు కంపు."

తడిగుడ్డతో మొహం, చేతులు, కాళ్ళు తుడిచేది. గీతల దగ్గరికి రాగానే గుడ్డ ఎత్తి పక్కకి పెట్టేది. క్షమించమని మాత్రం అడగలేదు. అడిగితే నేను క్షమించేదాన్నో లేదో నాకు తెలియదు. ఆమె అడగలేదు గనక ఆ ప్రశ్న నాకు రాలేదు.

చివరికి కరెంటు పెట్టారు. నొప్పి లేదు, మంట లేదు, చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ అచ్చులో పడుకుని, మిషన్ నా చుట్టూ తిరుగుతుంటే, నేను ఆ చూడని డాక్టరుని తలుచుకుంటూ ఉండేదాన్ని. కదలకుండా ఉండాలంటే మనసుని ఒకచోట కట్టెయ్యాలి. కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. నాకు కోపం బాగా కుదిరింది. సిట్టింగులన్నీ అయ్యేదాకా నేను రవ్వంత కదల్లేదు. "మీ అంత నిబ్బరంగా ఎవరూ పడుకోరమ్మా" అన్నాడు మిషన్ కుర్రాడు.

కొన్నాళ్ళకి మాత్ర మళ్ళీ మొదలుపెట్టమంది డాక్టరమ్మ. నొప్పి ఒక్కసారిగా తగ్గలేదు. మొదట పెరిగింది కూడా. తర్వాత ఒకరోజు వంగి చెంబు తీసుకున్నాక గుర్తొచ్చింది, వంగానని.

ఆ రోజే జరిగింది అసలు సంగతి. నడుం వంగిందన్న సంతోషంలో వంటింట్లోకి వెళ్ళి, మా ఆయనకి అన్నంలోకి పచ్చడి తీద్దామని జాడీ మూత మీద చెయ్యి వేశాను.

"అక్కా, ఆగు. ముట్టుకోకు. నేను తీస్తా."

"ఎందుకు?"

నా తోడికోడలు నసిగింది. "కరెంటు పెట్టించుకొచ్చావుగా. పచ్చడికి బూజు పడితే ఏడాదంతా ఏం తింటాం?"

నేను మూత మీద చెయ్యి తీయలేదు. తీయకుండానే ఆమెని చూశాను. మా అత్తగారు అప్పగించినప్పటి నుంచీ ఆ జాడీ నాది. మా ఇంట్లో పండుమిరప పచ్చడికి ఉప్పు తూకం వేయరు, కొలవరు. ఇంటి పెద్దకోడలి పిడికిలే కొలత. మా అత్తగారు తన పిడికిలి పక్కన నా పిడికిలి పెట్టించి, అటూ ఇటూ చూసి, "సరిపోయింది. ఇక నువ్వెయ్యి" అంది. అప్పటి నుంచీ ఒక్క ఏడు కూడా ఆ జాడీకి బూజు పట్టలేదు. నా పచ్చడి వేటపాలెం నుంచి మా బంధువులు సీసాలు పంపి తెప్పించుకుంటారు. ఆ చెయ్యిని అంటుచెయ్యిని చేసింది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు నా మొదటి ప్రశ్న నా వెన్ను గురించి కాదు.

"నాలో కరెంటు ఉందా?"

"లేదమ్మా. అది బయటినుంచి పెట్టింది. మిషన్ ఆపగానే అయిపోయింది. మీరు ఎవరినైనా ముట్టుకోవచ్చు. స్విచ్ ఆపేశాక బల్బులో వెలుగుంటుందా?"

ఆ మాట మూటగట్టుకుని ఇంటికొచ్చి, వాకిట్లోనే విప్పాను. నా తోడికోడలు కాయలు ఏరుతోంది. విని, ఆలోచించి, "ఏమోనక్కా. వెలుగు లేకపోయినా బల్బు కాసేపు కాలుతుందిగా" అంది.

అంత చదువుకున్న డాక్టరమ్మ దగ్గర దీనికి జవాబు ఉండి ఉండేది. నా దగ్గర లేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

మాఘంలో స్కాను తీశారు. కాయలు పండి చేలన్నీ ఎర్రగా ఉన్న రోజులు. గుంటూరు దారంతా మిర్చి యార్డుకి టిక్కీలు, అంటే మిరప బస్తాలు, మోసుకుపోయే లారీలు. ఆస్పత్రిలో కూర్చున్నవాళ్ళు సగంమంది ఆ గాలికే దగ్గుతున్నారు. డాక్టరమ్మ ఫిల్ము వెలుగుకి పెట్టి నన్ను దగ్గరికి పిలిచింది.

"ఇదిగో చూడండి. కరిగిపోయిందని చెప్పను. కాని పెరగలేదు. అంచులు కొంచెం కుదించుకున్నయ్. ఊపిరితిత్తుల్లోవి అట్లాగే ఉన్నయ్."

"కాళ్ళు?"

"కాళ్ళు మీవే. మాత్ర ఆపకండి. మళ్ళీ మూడు నెలలకి చూద్దాం."

నేను వచ్చేటప్పుడు ఆ చూడని డాక్టరు ఆస్పత్రి ముందునుంచి వెళ్ళమన్నాను. వేరే వీధి. మా ఆయన చుట్టు దారి అన్నాడు. చుట్టుదారే పోయాం. ఆ ఆస్పత్రి మెట్ల ముందు ఆటో ఆపించి, దిగి, గేటు నుంచి మెట్లదాకా నడిచి, వెనక్కొచ్చి ఎక్కాను. లోపలికి పోలేదు. ఆయన చూడలేదు. ఆయనకి చూసే అలవాటు ఎట్లాగూ లేదు.

"ఏందే ఇది?" అన్నాడు మా ఆయన.

"నడక" అన్నాను.

ఇంటికి చేరి, "రేపు పచ్చడి" అని చెప్పాను.

పండుకాయలు కడిగి, తుడిచి, నీడన ఆరబోశారు. తొడిమలు తీసేది నా తోడికోడలు. నేను తీయలేను. పొరలు లేచిన వేళ్ళకి ఒక్క కాయ రసం తగిలినా ప్రాణం పోతుంది. చేతులకి నూలు తొడుగులు, వాటి మీద పల్చటి రబ్బరు తొడుగులు వేసుకున్నాను. అరికాళ్ళకి మెత్తటి చెప్పులు. రోలు పక్కన నిలబడ్డాను. కుర్చీ తెచ్చారు. తీసేయమన్నాను. ఈ నిలబడటం కోసం నేను వారం రోజులు నా బొటనవేళ్ళని కాపలా కాసుకున్నాను. కుర్చీలో కూర్చోవడానికి కాదు.

నా తోడికోడలు రోకలి ఆపి నా చేతుల వైపు చూసింది.

"ఉప్పు ఎవరేస్తారక్కా?"

"ఎవరేస్తారు? ఎప్పుడూ ఎవరేస్తారు?"

"కాదు, నేనేదో..."

"బల్బు చల్లారింది. దంచు."

దంచింది. నేను వేశాను. ఒక్కో వాయికీ పిడికిలి నింపి, అందరూ చూస్తుండగా వేశాను. చింతపండు కుక్కి, పసుపు వేసి, జాడీకెత్తి, మూత నేనే పెట్టి, దానిమీద గుడ్డ వాసెన నేనే కట్టాను.  గెలిచాననుకున్నాను.

మూడోనాడు పచ్చడి తీసి, మెంతిపిండి కలిపి, తిరగ రుబ్బాలి. ఉప్పు సరిపోయిందో లేదో చూసేది అప్పుడే. తక్కువైతే బూజు పట్టేది ఖాయం. ఏ చెయ్యి ముట్టుకున్నా, ముట్టుకోకపోయినా. ప్రతి ఏడూ నేను వేలితో తీసి నాలుక మీద వేసుకుని చెప్పేదాన్ని. ఈ ఏడు నా నాలుక మాత్ర దగ్గర తాకట్టులో ఉంది. వాసెన విప్పి ఆమె వైపు చూశాను. ఇంకెవరున్నారు?

ఆమె కొంచెం తీసి నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుంది. మింగింది. మళ్ళీ తీసి వేసుకుంది.

"చెప్పవే."

"చెప్తే తిడతావు."

"చెప్పకపోతే ఇంకా తిడతా."

"ఉప్పు చాల్లేదక్కా."

"నా చెయ్యి తప్పదు."

"నీ చెయ్యి తప్పలేదు. తొడుగులేసుకుంటివి గదా, పిడికిట్లో సగం తొడుగే ఉంది."

నేను నా పిడికిలి మూసి చూసుకున్నాను. వాచిన వేళ్ళు, వాటి మీద నూలు, దానిమీద రబ్బరు. మా అత్తగారు పక్కన పెట్టి చూసిన పిడికిలి కాదది. ఆమె నన్ను మోసం చేసి బాగుందని చెప్పి ఉండొచ్చు. చెప్పి ఉంటే పది రోజుల్లో బూజు పట్టేది, నా కరెంటు వల్లేనని ఊరంతా అనేది. ఆమె అలా చేయలేదు. ఇది కూడా నేను మరిచిపోను.

ఉప్పు గిన్నె ఆమె ముందుకి జరిపాను.

"నువ్వెయ్యి. నీ నాలుక చెప్పిందాకా."

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. ఇన్నేళ్ళలో ఆ జాడీలో ఆమె ఉప్పు వేయడం అదే మొదలు. వేసి, కలిపి, రుచి చూసి, ఇంకొంచెం వేసింది. తల ఊపింది.

"ఈ ఒక్క ఏడే" అన్నాను. "వచ్చే ఏడు ఉప్పు నేనే వేస్తా. తొడుగులుంటే రెండు పిడికిళ్ళు వేస్తా."

ఆమె జాడీకి వాసెన కడుతూ, తల ఎత్తకుండా అంది, "వచ్చే ఏటి మాట వచ్చే ఏడు చూద్దాంలే అక్కా."

ఏ ఉద్దేశంతో అందో నేను అడగలేదు. మా ఇంట్లో మాటలు అలాగే దొర్లుతాయి, అందులో ఏమీ లేకపోవచ్చు. కాని విన్నాను. రోలు పక్కన నా కాళ్ళ మీద నేను నిలబడి, స్పష్టంగా విన్నాను. వచ్చే మాఘంలో ఇదే రోలు దగ్గర, ఉప్పు పిడికిట పట్టుకుని, ఈ మాట ఆమెకి గుర్తు చేస్తాను.